మూఢంలో పాత బజారు పెళ్ళి

ప్రేమలత అధ్యక్షురాలు అయింది మీటింగుకు వెళ్ళకపోవడం వల్లనే.

2009 జూన్‌లో శంషాబాద్ పాత బజారును బాగుచేయడానికి ఒక సంఘం పెట్టాలని పదకొండు మంది దుకాణదారులు పంచాయతీ ఆఫీసు పక్క గదిలో కూర్చున్నారు. సమోసాలు తిన్నారు, ఒకరినొకరు పొగుడుకున్నారు, సంఘానికి పేరు పెట్టారు. అధ్యక్ష పదవి దగ్గరికి వచ్చేసరికి ఒకరికి బీపీ గుర్తొచ్చింది, ఒకరికి కూతురి కాన్పు, మరొకరికి తాను బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకుని త్వరలో వెళ్ళిపోబోతున్న సంగతి. పిలిచినా రానిది ప్రేమలత ఒక్కతే. రాని మనిషి కాదనలేదు కాబట్టి ఆమెను ఏకగ్రీవంగా ఎన్నుకుని, మిగిలిన సమోసాలు పొట్లం కట్టి పంపించారు.

పొట్లం తెచ్చింది కొండల్. ఫంక్షన్ హాలు, ఇరవై గేదెల డెయిరీ, ఎవరినైనా ఆటపట్టించే తీరిక, మూడూ ఉన్న మనిషి.

"ముబారక్ అక్కా. ఇగ నువ్వే ప్రెసిడెంటువు."

"దేనికి?"

"గదే, ఊరు బాగుచేసేదానికి."

ప్రేమలత తన స్టీలు సామాన్ల దుకాణంలో తాంబాళాలు తూస్తోంది. కాటా మీంచి కళ్ళు తిప్పలేదు. "గిరాకి ఉన్నది తమ్మీ, సాయంత్రం బాగుచేస్త."

అదీ ఆమె స్వభావం. పదో తరగతి దాకా చదివింది. వాళ్ళ మూడెకరాలూ విమానాశ్రయం కింద పోయాయి. వచ్చిన డబ్బుతో పెట్టిందే ఈ దుకాణం. భూమి పోయిన బాధ చెప్పించుకుని రాసుకుందామని వచ్చిన ఒక విలేఖరికి ఆమె మూడు గిన్నెల టిఫిన్ డబ్బా అమ్మి పంపింది. భర్త రాములు దుకాణం వెనక మూల స్టూలు మీద కూర్చుని, చేతి మిషనుతో గిన్నెల మీద పేర్లు కొడతాడు. మిషను రొదలో సంసారం మాటలు సగం వినకుండా గడిపేస్తున్న అదృష్టవంతుడు.

విమానాశ్రయం వచ్చాక శంషాబాద్‌లో అన్నీ అంతర్జాతీయమైపోయాయి. అంతర్జాతీయ టిఫిన్ సెంటరు, అంతర్జాతీయ కటింగ్ షాపు, ఆఖరికి అంతర్జాతీయ పిండిమర కూడా. పాత బజారు మురుగు మోరీ మాత్రం ఎప్పటిలాగే స్థానికంగా పారుతోంది. కొత్త రోడ్డు మీద కార్లు రివ్వున వెళ్ళిపోతాయి, పాత బజారులో వాన పడితే చెప్పులు చేతిలో పట్టుకుని నడవాలి.

సేవ అనే మాట వినగానే పర్సు ఎక్కడుందో తడిమి చూసుకోవడం ఆరోగ్యకరమైన అలవాటు. ప్రేమలత ఆ మాట నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా వాడలేదు. ఎందుకు ఇందులో దిగావమ్మా అని అడిగిన వాళ్ళకు ఒకటే జవాబు. "నా దుకాణం ముంగట కంపు కొడుతున్నది. గిరాకి ముక్కు మూసుకోని వస్తే బేరం మంచిగ సాగదు."

సంఘానికి కార్యదర్శి దొరికింది 2010లో. పేరు ఉదయభాస్కర్. గుడివాడ నుంచి వచ్చి అత్తాపూర్‌లో స్థిరపడిన కుటుంబం, విమానాశ్రయం పక్కన సరుకు రవాణా కంపెనీలో ఉద్యోగం. తల్లికి ఇడ్లీ పాత్ర కొనడానికి దుకాణానికి వస్తూ, బయట మోరీ దాటబోయి ఒక కాలు అందులో పెట్టాడు. ప్రేమలత నీళ్ళిచ్చి కాలు కడిగించి, ఇడ్లీ పాత్ర తూచి, సభ్యత్వ రసీదు కూడా అందించింది. తడి ప్యాంటుతో ఉన్న మనిషి ఎక్కువ వాదించడని ఆమెకు తెలుసు.

ఉదయభాస్కర్ పద్ధతి గల మనిషి. ల్యాప్‌టాప్‌లో ముప్ఫై రెండు పేజీల ప్రణాళిక తయారుచేశాడు. కప్పున్న కూరగాయల మార్కెట్టు, మూసిన మోరీ, ఆడవాళ్ళకు మరుగుదొడ్లు, దీపాలు. అందులో మధ్యాహ్నం మూడు గంటలకు నీడ ఎటు పడుతుందో కూడా ఉంది. దాన్ని పట్టుకుని ఇద్దరూ రెండేళ్ళపాటు విమానాశ్రయం చుట్టుపక్కల కంపెనీల గేట్ల దగ్గర కూర్చున్నారు. ఒకచోట వాళ్ళ చేత మొక్క నాటించి ఫోటో తీసుకున్నారు. ఒకచోట క్యాలెండరు ఇచ్చారు. మరొక చోట టై కట్టుకున్న కుర్రాడు ప్రణాళికంతా విని, "దీని ప్రభావాన్ని ఎలా కొలుస్తారు మేడమ్?" అని అడిగాడు.

"ముక్కుతోని," అంది ప్రేమలత.

అక్కడ ఏమీ రాలేదు. డబ్బు వచ్చింది దుకాణంలోనే. శంషాబాద్ చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్ళయినా గిన్నెలు ఆమె దగ్గరే కొనాలి, పేర్లు రాములు చేతే కొట్టించాలి. ఎవరు ఎవరికి ఏం పెట్టారో, ఎవరి బిందె పలచనో ఆమెకు కంఠతా వచ్చు. ప్లాట్లు అమ్ముకుని కూతురికి యాభై ఒక్క ఇత్తడి సామాన్లు కొనే మనిషి ముందు ఆమె బిల్లు పెట్టి, పక్కనే సంఘం రసీదు పుస్తకం పెట్టి, "పోయినేడు మీ తోడల్లుడు ఇరవై వేలు రాయించిండు, నీకు ఎంత రాయాలె?" అనేది. తోడల్లుడి కంటే తక్కువ రాయించే మగవాడు ఆ మండలంలో ఇంకా పుట్టలేదు.

2013 సంక్రాంతి వెళ్ళేసరికి అలా పంతొమ్మిది లక్షలు పోగయ్యాయి. కావలసింది ముప్ఫై. ప్రభుత్వ పథకం ఒకటి ఉంది. ఊరివాళ్ళు ముప్ఫై లక్షలు వేసుకుంటే మిగతా అరవై అది ఇస్తుంది. గడువు మార్చి ఆఖరు. ఈలోగా డబ్బు కట్టకపోతే, కూరగాయల షెడ్డు కట్టాలనుకున్న సంత స్థలాన్ని ముప్ఫై మూడేళ్ళ లీజుకు మల్లేశ్వర్‌కు ఇచ్చేయాలని పంచాయతీ తీర్మానం చేసి కూర్చుంది. మల్లేశ్వర్ ప్లాట్ల వ్యాపారి. విమానం దిగినవాళ్ళు పడుకోవడానికి అక్కడ నాలుగంతస్తుల లాడ్జి కట్టాలని అతని ఉద్దేశం. మనిషి చెడ్డవాడేమీ కాదు. స్వయంగా దుకాణానికి వచ్చి చెప్పాడు.

"అక్కా, నీ మీద నాకేం కోపం లేదు. నువ్వు పైసలు జమచేస్తే నాకు సంతోషమే. చెయ్యకుంటే ఇంకా సంతోషం."

"ఛాయ్ తాగుతవా?"

"తాగుత. లాడ్జి కడితే నీకు వంద బకెట్ల ఆర్డరు నాది."

ఆశ పెట్టడం అతనికి బాగా వచ్చు. వంద బకెట్లంటే చిన్న మాట కాదు. ప్రేమలత ఆ మధ్యాహ్నమంతా వాటి తూకం మనసులో వేసుకుంటూ కూర్చుంది కూడా. సాయంత్రం దుకాణం ముందు ఆకుకూరల గంప సర్దుకుంటున్న సత్తెమ్మను పిలిచి అడిగింది.

"సత్తెమ్మా, ఆడ లాడ్జి కడితే నువ్వు యాడ కూసుంటవ్?"

"ఇప్పుడు మాత్రం యాడ కూసున్న? రోడ్డు మీదనే గద." సత్తెమ్మ కొత్తిమీర కట్ట దులిపింది. "పొద్దుగాల ఆరింటికి కూసుంటే పొద్దుగూకినంక లేస్త. నడుమ చుక్క నీళ్ళు తాగ. తాగితే యాడికి పోవాలె? మీ లాడ్జిలకు పోతే రానిస్తరా? గీ బజాట్ల నలబై మంది ఆడోళ్ళం గిట్లనే ఉన్నం. నీకు దుకాణం ఎనక పాయఖాన ఉన్నది గాబట్టి లాడ్జి ముచ్చట్లు వస్తున్నయి."

ప్రేమలతకు మాట తగిలింది. తగిలినట్టు కనిపించడం ఇష్టం లేక, కొత్తిమీర కట్ట ఎంత అని అడిగి, రూపాయి తగ్గించమని బేరమాడింది. వంద బకెట్లు మాత్రం మనసులోంచి దించేసింది.

మార్చి వచ్చింది. పదకొండు లక్షల దారి కనిపించలేదు. పైగా మూఢం. శుక్రుడు కనిపించని ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి గిన్నెల బేరమూ లేదు, బిల్లు పక్కన రసీదు పుస్తకం పెట్టే అవకాశమూ లేదు. కొండల్ ఫంక్షన్ హాలుకు తాళం. బ్యాండు మేళం వాళ్ళు బజారులో పేకాడుతున్నారు. వంటవాళ్ళు ఇంట్లో భార్యల వంటకు వంకలు పెడుతూ తన్నులు తినే స్థితిలో ఉన్నారు.

ఒక సాయంత్రం ఖాళీ దుకాణంలో కూర్చుని బజారు చూస్తుంటే ప్రేమలతకు తట్టింది. పెళ్ళిలో చదివింపులు అనేది ఒకటి ఉంటుంది. మైకు పట్టుకుని ఫలానా వారు ఇంత అని చదువుతారు. ఊరంతా వింటుంది. పక్కవాడి కంటే తక్కువ చదివిస్తే ఆ ఏడాదంతా తలెత్తుకోలేరు. కంపెనీ గేటు దగ్గర రెండేళ్ళు కూర్చున్నా రానిది మైకు ముందు రెండు గంటల్లో వస్తుంది. కావలసింది ఒక పెళ్ళి.

"పాత బజారుకు పెండ్లి చేద్దాం సారూ," అంది ఉదయభాస్కర్‌తో.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మేడమ్, మనది రిజిస్టర్డ్ సొసైటీ అండీ."

"రిజిస్టర్ పెండ్లే అనుకో."

"ముహూర్తాలు లేవు కదండీ. మూఢం."

"పెండ్లిపిల్ల షెడ్డు. దానికి జాతకం యాడికెల్లి వస్తది? మూఢం గాబట్టే హాలు ఖాళీ, బ్యాండు ఖాళీ, జనం ఖాళీ. నెల రోజుల సంది ఒక్క పెండ్లి భోజనం లేదు, అందరి నాలుకలు చచ్చిపడున్నయి. కార్డు పోతే చాలు, ఉరికొస్తరు."

మైలార్‌దేవ్‌పల్లి ప్రెస్సులో అచ్చంగా పెళ్ళి కార్డే వేయించారు. వరుడు చిరంజీవి పాత బజారు, వధువు చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి కూరగాయల షెడ్డు. మూలలకు పసుపు పూశారు. ఆరు వందల కార్డులు ప్రేమలత, సత్తెమ్మ ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి పంచారు. మల్లేశ్వర్ ఇంటికీ వెళ్ళారు. అతను కార్డు చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు, అతని భార్య రేణుకమ్మ మాత్రం గంభీరంగా బొట్టు పెట్టించుకుని, ఎంతమంది రావాలో కనుక్కుంది.

ఆ వారం దుకాణంలో విచిత్రం జరిగింది. మూఢంలో ఎన్నడూ లేని గిరాకి. బిందెలు, గిన్నెల సెట్లు, తాంబాళాలు కలిపి రోజుకు ఇరవై దాకా. ప్రేమలత కాటా దించే తీరిక లేకుండా తూచింది. ఒకరోజు ఎత్తి ఎత్తి భుజం నొప్పి పెడితే జండూబామ్ రాసుకుని మళ్ళీ తూచింది. నా చెయ్యి మంచిది, మూఢమైనా ఆగదు అని ఆ సంబరంలో భర్తకు రాత్రి రెండు గుడ్లు వేసి ఆమ్లెట్టు వేసింది. ఎవరి పెళ్ళికి కొంటున్నారని ఒక్కరినీ అడగలేదు. మైకు, వంట, బ్యాండు, కుర్చీలు, ఇన్ని తలలో తిరుగుతుంటే అడగాలని తట్టలేదు.

ఆదివారం పదకొండింటికి కొండల్ హాలు కిటకిటలాడింది. బ్యాండు వాళ్ళు నెల రోజుల ఊపిరినంతా ఒక్కసారి ఊదారు. వెనక బగారా అన్నం, కోడికూర వాసన. వేదిక మీద షెడ్డు నమూనా, ఉదయభాస్కర్ థర్మకోలుతో చేసింది, మెడలో దండతో నిలబడింది. చదివింపుల మైకు ఉదయభాస్కర్‌కే ఇచ్చారు, ఉచ్చారణ బాగుంటుందని.

మొదటి దంపతులు వేదిక ఎక్కారు. రంగు కాగితం చుట్టిన పెద్ద ప్యాకెట్టు అందించారు. ఉదయభాస్కర్ కాగితం విప్పి, అలవాటైన మర్యాదతో చదివాడు.

"వీరు ఆశీర్వదించి సమర్పించినది, స్టీలు బిందె ఒకటి అండీ."

చప్పట్లు. రెండో దంపతులు. "స్టీలు తాంబాళం ఒకటి." మూడో వారు. "గిన్నెల సెట్టు, అయిదు." నాలుగో వారు గోడ గడియారం. ప్రేమలత మొదట నవ్వింది. పదో బిందెకు నవ్వు ఆగింది. ఇరవయ్యో బిందెకు అది తన బిందె అని గుర్తుపట్టింది, తన కాటా మీద తూగినదే. అన్నీ తన దుకాణంవే. వారం రోజులు చంకలు గుద్దుకుంటూ అమ్మిన సరుకంతా వరుసగా ఎదురు నడిచొస్తోంది.

రాములు వేదిక కింద కుర్చీలో ప్రశాంతంగా కూర్చుని ఉన్నాడు. ఆమె పళ్ళు బిగబట్టి వంగింది.

"గీ పేర్లన్ని నువ్వే గద కొట్టింది?"

"ఆఁ. సక్కగ రాలేదా?"

"ఎవరి పెండ్లికని అడగలేదా?"

"వాళ్ళు పేరు చెప్పిన్రు, నేను కొట్టిన. పెండ్లితోని నాకేం పని?"

జనం తప్పేముంది? పెళ్ళి కార్డు వచ్చింది, బొట్టు పెట్టి పిలిచారు, గిన్నె కొని పేరు కొట్టించుకుని వచ్చారు. పదేళ్ళుగా వాళ్ళకు ఆ అలవాటు నేర్పిందే ప్రేమలత దుకాణం. కార్డు మీద డబ్బే తెమ్మని ఒక్క ముక్క వేయించి ఉంటే సరిపోయేది. గిన్నెలు అమ్ముకుని బతికే మనిషికి ఆ ముక్క తోచలేదు.

ఒంటిగంటకు చదివింపులు ముగిశాయి. ఉదయభాస్కర్ చీటీ మీద లెక్క వేసి, చెమట తుడుచుకుంటూ చెవిలో చెప్పాడు. నగదు రెండు లక్షల నలభై వేలు. గిన్నెలు, బిందెలు కలిపి నూట ముప్ఫై ఒకటి. గడియారాలు తొమ్మిది. "ఇంకా ఎనిమిది లక్షల అరవై వేలు తక్కువండీ. ఈ సామానంతా తిరిగి అమ్మేస్తే?"

"పేర్లు కొట్టినవి ఎవరు కొంటరు సారూ? వేరేటోళ్ళ పేరున్న గిన్నెల ఎవరన్న అన్నం తింటరా?"

వేదిక మీద స్టీలు కొండ తళతళలాడుతోంది. ముందు వరుసలో మల్లేశ్వర్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు, ముఖం నిండా సానుభూతి. పక్కనే రేణుకమ్మ. సత్తెమ్మ తలుపు దగ్గర నిలబడి అటే చూస్తోంది. ఆ చూపు ప్రేమలతకు నచ్చలేదు. ఎంతకో కొంతకు అమ్మి పారేద్దామని మైకు లాక్కుంది.

"అందరు వినున్రి. మా సంఘానికి వంట చేసుకునే పని లేదు. గందుకని గీ గిన్నెలు వేలం పాడుతున్నం. లడ్డూ వేలం లెక్కనే. మొదలు ఇది, కొండల్ బిందె. పాట ఐదు వందలు."

హాలులో చిన్న గుసగుస. అప్పుడు మల్లేశ్వర్, ఆమె తిప్పలు చూసి సరదా పుట్టి, చెయ్యెత్తాడు.

"వెయ్యి! మా కుక్కకు నీళ్ళు పెడత."

హాలంతా గొల్లుమంది. కొండల్ లేచి నిలబడ్డాడు. అతనూ మల్లేశ్వర్ వరుసకు బావమరదులు. ఒక పొలం గెట్టు తగాదా వల్ల నాలుగేళ్ళుగా ఎదురుపడితే చొక్కా సర్దుకుని పక్కకు తిరిగే బంధువులు.

"నా పేరున్న బిందెల నీ కుక్క నీళ్ళు తాగుతదా? ఐదు వేలు!"

"పది."

"ఇరవై!"

"కుక్కకు దూప ఎక్కువున్నది. ముప్పై."

"నలబై వేలు! వేసుకో అక్కా, నలబై!" కొండల్ గొంతు పగిలింది. మల్లేశ్వర్ తృప్తిగా చేతులు ముడుచుకున్నాడు. ఏడు వందల బిందె కొండల్ నలభై వేలకు కొనుక్కుని, బిడ్డను ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుని కూర్చున్నాడు.

ప్రేమలత మైకు పట్టుకుని రెండు క్షణాలు బిందె వంక, కొండల్ వంక చూసింది. కంపెనీల గేట్లు, ముప్ఫై రెండు పేజీలు, తోడల్లుళ్ళు, అన్నీ ఒక్కసారి వెనక్కి వెళ్ళిపోయాయి. చీర కొంగు నడుముకు దోపింది.

"ఇగ రెండోది. తాంబాళం. పెద్దషాపూర్ సర్పంచు తమ్ముడి పేరు మీదున్నది. ఎవరన్న తీస్కపోయి చెప్పులు పెట్టుకుంటరా?"

"నేను, నేను పెట్టుకుంట!" వెనక నుంచి నలుగురు అరిచారు. సర్పంచు తమ్ముడు కుర్చీ ఎక్కి పాడాడు.

ఆ తరవాత ఎవరినీ బతిమాలే అవసరం రాలేదు. ఎవరి గిన్నె పేరు చదివితే వాళ్ళ పక్కింటివాడు దానికి ఒక నీచమైన ఉపయోగం కనిపెట్టేవాడు. ఒకడు పేడ ఎత్తడానికి అన్నాడు, ఒకడు ఆటో కడగడానికి, ఒక బామ్మ తన వియ్యపురాలి గిన్నెను ఉమ్మడానికి కావాలని నిజాయితీగా చెప్పింది. వియ్యపురాలు మెడలోంచి గొలుసు తీయబోతే కొడుకు ఆపి చెక్కు రాశాడు. ఉదయభాస్కర్ చీటీ మీద రాస్తూ రాస్తూ టై వదులుచేసుకున్నాడు, తరవాత విప్పేశాడు, తరవాత దాంతోనే ముఖం తుడుచుకున్నాడు. తనూ ఒక టిఫిన్ డబ్బా చదివించాడు పాపం. ప్రేమలత దాన్నీ ఎత్తి చూపించింది. "సెక్రెటరీ సారుది. మీ దిక్కు దీంట్ల ఏం పెడతరు సారూ?" "ఎవరికీ ఇవ్వొద్దండీ, ఎనిమిది వేలు!" అని ఆయనే అరిచాడు. బ్యాండు వాళ్ళు ఒక్కో గిన్నెకు ఒక్కో దరువు వేశారు. వంటవాళ్ళు గరిటెలతో వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. అన్నం చల్లారిపోయింది, ఒక్కరూ లేవలేదు.

మూడున్నరకు వేదిక మీద ఒకే ఒక్కటి మిగిలింది. రెండు కడియాల పెద్ద గంగాళం. యాభై మందికి నీళ్ళు కాచవచ్చు. దాని పొట్ట మీద రాములు ఎంతో శ్రద్ధగా, చుట్టూ లతలు కూడా పెట్టి కొట్టిన అక్షరాలు, రేణుకమ్మ మల్లేశ్వర్.

ఉదయభాస్కర్ చీటీ చూపించాడు. "ఇంకా రెండు లక్షల పది వేలండీ. అంతే ఉంది."

మల్లేశ్వర్ అప్పటికే లేచాడు. ఫోను చెవికి పెట్టుకుని, "ఆఁ, వస్తున్న, వస్తున్న," అంటూ తలుపు వైపు నడిచాడు. తలుపుకు అడ్డంగా సత్తెమ్మ, ఆమె వెనక ముప్ఫై తొమ్మిది మంది కూరగాయల ఆడవాళ్ళు. తోవ ఇవ్వడానికి ఏమీ అభ్యంతరం లేదు గానీ వినబడనట్టు నిలబడ్డారు.

"గంగాళం!" అంది ప్రేమలత. "పాట పది వేలు."

"యాబై!" కొండల్ చంకలో బిందెతోనే లేచాడు. "మంచి గంగాళం. మా బర్లకు కుడితి పెట్టడానికి. పొద్దుగాల లేవంగనే రేణుకమ్మ పేరు సూసుకుంట, మల్లేశ్వర్ పేరు సూసుకుంట, కుడితి పోస్త. ఇరవై బర్లు మూతి పెడితే..."

"లక్ష," అంది రేణుకమ్మ.

ఆమె అరవలేదు. కూర్చున్న చోటు నుంచే, చీర మడతలు సర్దుకుంటూ అంది. మల్లేశ్వర్ తలుపు దగ్గర నుంచి పరుగున వచ్చాడు.

"ఏయ్, ఏంది నువ్వు? గా పైసలు జమైతే స్థలం పోతది గదనే! లాడ్జి!"

"స్థలం నీది గాదు, పంచాయతీది. పేరు నాది."

"లక్షన్నర!" కొండల్ కేక. చెమటలు కారుతున్నాయి. రేణుకమ్మ ఆగితే ఆ గంగాళం తన నెత్తిన పడుతుందని అతనికి అర్థమవుతోంది, అయినా నోరు ఆగడం లేదు.

"కొండల్! నువ్వు ఊకో, నీకు దండం పెడత," అన్నాడు మల్లేశ్వర్. నాలుగేళ్ళలో బావమరిదిని పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

"కుక్కకు నీళ్ళు పెడతనన్నప్పుడు యాడికి పోయింది నీ దండం? రెండు లక్షలు!"

ప్రేమలత మైకు దించి, మామూలు గొంతుతో, దుకాణంలో అడిగినట్టే అడిగింది. "రేణుకమ్మా, రెండు లక్షలైంది. ఏం చేద్దామంటవ్?"

రేణుకమ్మ భర్త జేబులోంచి చెక్కు పుస్తకం తనే తీసి, అతని చేతిలో పెట్టింది. లేచి నిలబడి, చదివింపులు చదివించే పద్ధతిలో, ముందు వరుసకూ వెనక వరుసకూ వినబడేలా చెప్పింది.

"రెండు లక్షల పదకొండు వేల నూట పదహార్లు."

కొండల్ ఎంత తొందరగా కూర్చున్నాడంటే కుర్చీ కాలు విరిగింది. ప్రేమలత ఒకటోసారి, రెండోసారి అంది. మూడోసారి అన్నది తలుపు దగ్గర నుంచి సత్తెమ్మ. బ్యాండు మోగింది. రేణుకమ్మ ఒక కడియం, మల్లేశ్వర్ ఒక కడియం పట్టుకుని గంగాళాన్ని జనం మధ్య నుంచి మోసుకుపోతుంటే కూరగాయల ఆడవాళ్ళు దారిచ్చి అక్షింతలు చల్లారు. ఎవరి పెళ్ళో తెలియకుండా పోయింది.

సోమవారం, మంగళవారం చెక్కులు మార్చడానికి సరిపోయాయి. బుధవారం జిల్లా ఆఫీసులో గుమాస్తా, విరాళాల మూలం అనే గడి నింపమన్నాడు. ఉదయభాస్కర్ పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించి, ప్రజల అభిమానం అని రాశాడు. ప్రేమలత చదివి, కొట్టేసి, గిన్నెలు అని రాయించింది. గుమాస్తా తలెత్తి చూసి, ఆకలిగా ఉందేమో, ముద్ర వేసేశాడు.

పదిహేను రోజులకు సంత స్థలంలో మట్టి తవ్వడం మొదలైంది. ఆ మధ్యాహ్నమే మల్లేశ్వర్ ఫోన్ చేశాడు.

"అక్కా, షెడ్డుకు సిమెంటు యాడికెల్లి తెస్తున్నరు?"

"ఇంకా ఖరారు కాలే. ఏం?"

"లాడ్జి కోసం నాలుగు వందల బస్తాలు ముందే దించుకున్న. వానకాలమొస్తే గడ్డకడతయి. మీకే ఇస్త. బజారు రేటు కంటే బస్తాకు పది రూపాయలు తక్కువ."

"నలబై తక్కువ."

"నలబయ్యా! అక్కా, నేను ఇప్పటికే మీ షెడ్డుకు రెండు లక్షల పదకొండు వేల..."

"నూట పదహార్లు. యాదికున్నది. నలబై."

"పదిహేను. గంతకంటే నాతోని గాదు."

ప్రేమలత కాటా మీద తాంబాళం పెట్టింది, ముల్లు నిలిచేదాకా చూసింది.

"ఫోన్ రేణుకమ్మకియ్యి."